మధ్యధరాకు అటూ ఇటూ: ఎవరు కలుస్తున్నారు, ఎవరిని కలవనివ్వడం లేదు

2020 సెప్టెంబర్ 1న మధ్యధరా సముద్రంలో వేటలో ఉన్న రెండు ఇటాలియన్ మరబోట్లను తూర్పు లిబియాను ఏలుతున్న సైనిక నేత ఖలీఫా హఫ్తర్ బలగాలు పట్టుకున్నాయి. బోట్ల పేర్లు మెదినియా, అంతార్తిదె. రెండూ సిసిలీ దీవి పడమటి కొసన ఉన్న మజారా దెల్ వాల్లో అనే రేవు పట్టణానివి. వాటి మీద పనిచేస్తున్న పద్దెనిమిది మందిలో ఎనిమిది మంది ఇటాలియన్లు, ఆరుగురు ట్యునీషియన్లు, ఇద్దరు ఇండోనేషియన్లు, ఇద్దరు సెనెగల్ వాళ్లు. వాళ్లు విడుదలయ్యేసరికి డిసెంబర్ 17 అయింది. ఈలోగా రోమ్‌లో పార్లమెంటు ముందు ధర్నాకు కూర్చున్న వాళ్లలో ఇటాలియన్ కుటుంబాలు ఉన్నాయి, ట్యునీషియన్ కుటుంబాలూ ఉన్నాయి. మా వాళ్లను వెనక్కి తెప్పించండి అన్నదే అందరి మాట.

యూరోపియన్లకూ అరబ్బులకూ మధ్య అవగాహన పెంచాలని ముప్పై ఏళ్లుగా ఎన్నో సంస్థలు పనిచేస్తున్నాయి. సదస్సులు జరుగుతున్నాయి, నిధులు ఖర్చవుతున్నాయి. సంస్కృతుల మధ్య సంభాషణ అనే మాట లేకుండా ఏ ఉమ్మడి ప్రకటనా రాదు. అయినా ఆ సదస్సుల్లో పుట్టని బంధం ఒకటి ఆ ధర్నాలో కనిపించింది. దాన్ని ఎవరూ ప్రాజెక్టుగా రాసి గ్రాంటు అడగలేదు. ఒకే బోటు మీద ఒకే వల లాగుతూ రెండు తరాలు గడిపినందువల్ల వచ్చింది అది. సాంస్కృతిక వినిమయం ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ ఫొటోలతో ముగిసిపోతుంది అని ఆలోచించడానికి మజారా దగ్గర మొదలుపెట్టడం మంచిది. ఆ ఊరు ఆదర్శంగా లేకపోవడం కూడా అందుకు ఒక కారణమే.

మజారాలో జరిగింది

మజారాకు అరబ్బులతో సంబంధం ఇవాళ్టిది కాదు. 827లో సిసిలీని గెలవడానికి ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన సేన దిగింది ఈ ఊరి దగ్గరే. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా దీవి ముస్లింల ఏలుబడిలో ఉంది. పర్యాటక శాఖల కరపత్రాలు ఈ పాత వైభవాన్నే ఎక్కువగా చెబుతాయి. కానీ ఇప్పటి మజారాను ఇలా మార్చింది సుల్తానులు కాదు, 1960ల చివర నుంచి ట్యునీషియా తీరంలోని మహ్దియా వంటి ఊళ్ల నుంచి వచ్చిన మత్స్యకారులు. అప్పట్లో మజారా బోట్ల సంఖ్య పెరుగుతోంది. స్థానిక యువకులేమో ఉత్తర ఇటలీ ఫ్యాక్టరీలకు, జర్మనీకి వెళ్లిపోతున్నారు. బోట్ల యజమానులకు సముద్రం తెలిసిన మనుషులు కావాలి. ట్యునీషియా వాళ్లకు కూలి కావాలి. ఖాళీ అయిపోతున్న పాత పేట కస్బాలో వాళ్లు అద్దెకు దిగారు. ఖరీదైన ఎర్ర రొయ్యలకు మజారా పేరు మోసింది. ఆ రొయ్యల వెనక ఉన్న చేతుల్లో చాలావరకు ట్యునీషియా చేతులు.

బోటు మీద వారాల తరబడి ఉంటారు. వంట ఒకటే, నిద్రకు జాగా ఒకటే. సిసిలియన్ మాండలికం ట్యునీషియా వాళ్లకు పట్టుబడింది, కొన్ని అరబీ మాటలు సిసిలియన్లకు అలవాటయ్యాయి. తిండిలో అయితే పెద్దగా నేర్చుకోవలసింది కూడా లేకపోయింది. ఆ జిల్లా ట్రపానీలో గోధుమ రవ్వతో చేసే కుస్కుస్‌ను చేపల పులుసుతో తినడం తరతరాల అలవాటు. 2020లో ట్యునీషియా, అల్జీరియా, మొరాకో, మారిటేనియా కలిసి కుస్కుస్‌ను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించుకున్నాయి. రాజకీయంగా ఒకరి మొహం ఒకరు చూడని అల్జీరియా, మొరాకో ఈ ఒక్క దరఖాస్తు మీద కలిసి సంతకం పెట్టాయి.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చూడాలి. బోట్ల యజమానులు చాలావరకు సిసిలియన్లే, ట్యునీషియన్లు చాలావరకు కూలీలుగానే మిగిలారు. 1980ల మొదట్లో ట్యునీషియా ప్రభుత్వం ఆ ఊళ్లో తన సొంత పాఠశాల పెట్టింది. పిల్లలు అరబీలో చదువుకుంటే రేపు స్వదేశానికి వెళ్లినప్పుడు ఇబ్బంది ఉండదన్నది దాని ఆలోచన. కానీ చాలా కుటుంబాలు వెనక్కి వెళ్లలేదు. ఇటాలియన్ సరిగా రాని పిల్లలు ఇటలీలోనే పెద్దవాళ్లయ్యారు. పక్కపక్కన ఉండడం, కలిసి ఉండడం రెండూ ఒకటి కావని మజారా యాభై ఏళ్ల అనుభవం చూపిస్తుంది.

పరిశోధన ఏమంటోంది

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ఒక ప్రతిపాదన చేశాడు. రెండు వర్గాల మనుషులు కలిసినంత మాత్రాన ద్వేషం తగ్గదు, దానికి కొన్ని షరతులున్నాయి అన్నాడు. ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, లక్ష్యం ఉమ్మడిగా ఉండాలి, దానికోసం ఒకరికొకరు సహకరించుకోవాలి, పైనున్న వ్యవస్థ వాళ్లను సమర్థించాలి. తర్వాత దశాబ్దాల్లో ఈ ఆలోచనను వందల రకాలుగా పరీక్షించారు. థామస్ పెట్టిగ్రూ, లిండా ట్రాప్ 2006లో 515 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూస్తే, పరిచయం పక్షపాతాన్ని సాధారణంగా తగ్గిస్తోందనీ, షరతులు కుదిరిన చోట ఆ ప్రభావం ఎక్కువగా ఉందనీ తేలింది.

ఇది వినడానికి హాయిగా ఉంటుంది. 2020లో సైన్స్ పత్రికలో సల్మా మూసా ప్రచురించిన అధ్యయనం దీనికి ఒక హద్దు గీసింది. ఐసిస్ దాడులతో ఊళ్లు వదిలిన ఇరాకీ క్రైస్తవ యువకుల కోసం ఫుట్‌బాల్ లీగ్ పెట్టారు. కొన్ని జట్లలో అందరూ క్రైస్తవులే, కొన్నింటిలో ముస్లిం ఆటగాళ్లను చేర్చారు. లాటరీలో కలగలుపు జట్టు వచ్చినవాళ్లు తర్వాతి సీజన్‌లోనూ అలాంటి జట్టులోనే ఆడడానికి ముందుకొచ్చారు, ఎదుటి జట్లలోని ముస్లిం ఆటగాళ్లకు అవార్డు ఓటు వేశారు, నెలల తర్వాత కూడా ముస్లింలతో కలిసి ప్రాక్టీసు చేశారు. కానీ మైదానం దాటితే మార్పు సన్నగిల్లింది. ముస్లింలు ఎక్కువగా ఉండే మోసూల్‌లో హోటల్‌కు వెళ్లి భోంచేయడం దగ్గరకు వచ్చేసరికి రెండు రకాల జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తెలిసిన మనిషి మీద పెరిగిన నమ్మకం తెలియని మనుషుల దాకా పాకలేదు.

ఈ అధ్యయనం ఇరాక్ లోపలిది. యూరప్‌కు నేరుగా అన్వయించలేం. అయినా వినిమయ కార్యక్రమాలు నడిపేవాళ్లు దీన్ని తప్పక గుర్తుపెట్టుకోవాలి. పది రోజుల యూత్ క్యాంపులో ఒక డచ్ అమ్మాయి, ఒక జోర్డాన్ అబ్బాయి స్నేహితులైతే అది నిజమైన స్నేహమే. దాన్ని చూసి రెండు నాగరికతల మధ్య వంతెన పడిందని నివేదికలో రాసుకుంటే మాత్రం అది అబద్ధం అవుతుంది.

బార్సిలోనా నుంచి అలెగ్జాండ్రియాకు

ప్రభుత్వాల వైపు కథ 1995 నవంబర్‌లో బార్సిలోనాలో మొదలైంది. అప్పటి 15 యూరోపియన్ యూనియన్ దేశాలు, మధ్యధరా చుట్టూ ఉన్న 12 భాగస్వాములు ఒక ఒప్పందానికి వచ్చాయి. అందులో మూడు భాగాలు: రాజకీయం-భద్రత, ఆర్థికం, సామాజిక-సాంస్కృతిక-మానవ సంబంధాలు. 2010కల్లా స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం అనుకున్నారు, అది జరగలేదు. అరబ్బులూ ఇజ్రాయెల్ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారన్న ఆశ ఓస్లో శాంతి ప్రక్రియతో పాటే చల్లబడింది. మూడో భాగం నుంచి 2005లో ఒక సంస్థ పుట్టింది. 2003లో హత్యకు గురైన స్వీడన్ విదేశాంగ మంత్రి అన్నా లింద్ పేరు పెట్టి, కార్యాలయాన్ని ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో తెరిచారు. యూరప్ డబ్బుతో నడిచే ఇలాంటి సంస్థ దక్షిణ ఒడ్డున ఉండడం చిన్న విషయం కాదు. ప్రతి సభ్య దేశంలోనూ స్థానిక సంఘాలతో ఒక నెట్‌వర్క్ ఏర్పాటు చేసి చిన్నచిన్న గ్రాంట్లు ఇచ్చారు. బ్రిటిష్ కౌన్సిల్‌తో కలిసి 2011 నుంచి అరబ్ యువతకు డిబేట్ శిక్షణ ఇచ్చారు. ఆ ఏడాది ట్యూనిస్, కైరో వీధుల్లో జనం మాట్లాడడం మొదలుపెట్టిన సంగతి గుర్తుంటే ఆ శిక్షణకు విలువ ఎంతో తెలుస్తుంది.

సమస్య ఎక్కడంటే, 2001 సెప్టెంబర్ తర్వాత సంస్కృతి బడ్జెట్లకు భద్రత భాష అంటుకుంది. 2015లో పారిస్ దాడుల తర్వాత అది ఇంకా పెరిగింది. యువతను కలపడం ఎందుకు అంటే తీవ్రవాదం వైపు పోకుండా ఆపడానికి అని రాయడం మొదలైంది. నిధులు తెచ్చుకోవడానికి అలా రాయక తప్పని పరిస్థితి ఉండవచ్చు. కానీ అమ్మాన్‌లో నాటకం వేసుకునే ఒక కుర్రాడు ఆ పత్రం చదివితే తనను కళాకారుడిగా పిలిచారా, అనుమానితుడిగా పిలిచారా అన్న సందేహం వస్తుంది. ఆల్‌పోర్ట్ చెప్పిన సమాన హోదా అక్కడే పోతుంది.

రెండు జతల చేతులు

సమాన హోదా లేకుండా కూడా గొప్ప పని జరిగిన కాలాలున్నాయి, నిజమే. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలెడోలో అరబీ గ్రంథాలను లాటిన్‌లోకి మార్చిన తీరు చూడండి. పారశీక తత్వవేత్త ఇబ్న్ సీనా ఆత్మ గురించి అరబీలో రాసిన గ్రంథాన్ని ఇద్దరు కలిసి అనువదించారు. అవెందాత్ అనే యూదు పండితుడు అరబీ చదివి ఒక్కొక్క మాటనూ స్థానిక భాషలో పైకి చెబితే, దొమినికస్ గుండిసాల్వీ అనే క్రైస్తవ పూజారి దాన్ని లాటిన్‌లో రాశాడు. టాలెమీ ఖగోళ గ్రంథం కోసం వెతుక్కుంటూ ఇటలీ నుంచి వచ్చి అక్కడే ఉండిపోయిన క్రెమోనా గెరార్డ్ డెబ్బై దాకా గ్రంథాలు అనువదించాడని పేరు. ఆయనకు సాయపడిన గాలిబ్ అనే అరబీ మాట్లాడే స్థానికుడి పేరు ఒక్క ఆంగ్లేయ యాత్రికుడు రాసిపెట్టబట్టి మిగిలింది. అలా పేరు కూడా మిగలని గాలిబ్‌లు ఎందరో ఉండి ఉంటారు.

ఈ కథకు హైదరాబాద్‌తో కూడా సంబంధం ఉంది. పారశీక వైద్యుడు అల్ రాజీ అరబీలో రాసిన భారీ వైద్య గ్రంథం అల్ హావీని సిసిలీకి చెందిన యూదు వైద్యుడు ఫరజ్ బెన్ సలీమ్ 1279లో లాటిన్‌లోకి తెచ్చాడు. యూరప్ వైద్యులు శతాబ్దాల పాటు దాన్ని చదివారు. దాని అరబీ మూలాన్ని 1955 నుంచి సంపుటాలుగా అచ్చువేసింది హైదరాబాద్‌లో 1888లో మొదలైన దాయిరతుల్ మారిఫ్. ఆ సంస్థ అచ్చువేసిన అరబీ గ్రంథాల పరిష్కరణలో ఫ్రిట్జ్ క్రెంకో అనే జర్మన్ పండితుడు కూడా పనిచేశాడు. అరబ్బుల విద్యను యూరప్‌కు, యూరప్ పండితుల పనిని తిరిగి అరబ్బులకు చేర్చిన దారిలో దక్కన్ కూడా ఒక మజిలీ.

ఎదురు దిశలో జరిగిన ప్రయాణాల్లో 1826 నాటిది ప్రత్యేకం. ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ నలభై మందికి పైగా విద్యార్థులను పారిస్ పంపాడు. వాళ్లకు ఇమాముగా వెళ్లిన రిఫాఅ అల్ తహ్తావీ ఫ్రెంచ్ నేర్చుకుని, ఐదేళ్లు ఉండి, తిరిగి వచ్చాక పారిస్ జనం ఎలా బతుకుతారో, చట్టాలు ఎలా నడుస్తాయో అరబీ పాఠకులకు రాశాడు. కైరోలో 1835లో భాషల పాఠశాల పెట్టించి తరాల అనువాదకులను తయారుచేశాడు. ఎవరిని పంపాలో, ఏం నేర్చుకోవాలో కైరో నిర్ణయించుకుంది. ఖర్చు కూడా కైరోదే. ఇప్పటి కార్యక్రమాల్లో చాలావాటికి లేనిది ఇదే. దరఖాస్తు ఫారం, గడువు, అంశం అన్నీ ఉత్తరం ఒడ్డున తయారై దక్షిణానికి వస్తాయి. 2007లో మొదలై బేరూత్ నుంచి పనిచేసే అరబ్ కళలు, సంస్కృతి నిధి ఆఫాక్, అంతకు కాస్త ముందు కైరోలో మొదలైన అల్ మవ్రిద్ అల్ సఖాఫీ వంటి స్వతంత్ర సంస్థలు ముఖ్యమైనవి అందుకే. అరబ్ కళాకారుడికి ఏం కావాలో అరబ్ కళాకారులే కూర్చుని తేల్చే చోట్లు అవి.

అనువాదంలో మాత్రం ఇప్పుడు కొంత న్యాయం జరుగుతోంది. 2019లో ఒమన్ రచయిత్రి జోఖా అల్ హార్తికి ఇంటర్నేషనల్ బుకర్ వచ్చినప్పుడు 50 వేల పౌండ్ల బహుమతిలో సగం అనువాదకురాలు మేరిలిన్ బూత్‌కు వెళ్లింది. అరబీ నుంచి వచ్చిన పుస్తకానికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

బెర్లిన్ మ్యూజియంలో కొత్త గైడ్లు

ఈ మధ్యకాలంలో జరిగిన ప్రయోగాల్లో అన్నిటికంటే లోతుగా చూడదగ్గది బెర్లిన్‌లో ఉంది. 2015లో జర్మనీకి దాదాపు 8.9 లక్షల మంది శరణార్థులు వచ్చారు. సిరియా నుంచి వచ్చినవాళ్లు వాళ్లలో చాలామంది. అదే నగరంలో పెర్గమాన్ మ్యూజియంలో అలెప్పో గది ఉంది: 1600 ప్రాంతంలో అలెప్పోలో ఒక క్రైస్తవ వర్తకుడు తన ఇంటి అతిథుల గదికి వేయించుకున్న రంగుల చెక్క గోడలు. కొంచెం అవతల బాబిలోన్ ఇష్తార్ ద్వారం. జోర్డాన్ ఎడారిలోని మ్షట్టా కోట ముఖభాగం కూడా ఉంది. దాన్ని ఒట్టోమన్ సుల్తాన్ అబ్దుల్ హమీద్ జర్మన్ చక్రవర్తి విల్‌హెల్మ్‌కు కానుకగా ఇచ్చాడు. ఊరు కూలిపోయి వచ్చిన మనిషికి ఆ ఊరి గది ఇక్కడ చెక్కుచెదరకుండా కనిపించేది. దాని పక్కన ఉన్న వివరాలు మాత్రం అతనికి రాని భాషలో ఉండేవి.

ఇస్లామిక్ కళల మ్యూజియం డైరెక్టర్ స్టెఫాన్ వెబర్, సహచరులు 2015 చివర్లో ముల్తకా అనే కార్యక్రమం మొదలుపెట్టారు. సిరియా, ఇరాక్‌ల నుంచి వచ్చిన శరణార్థులనే గైడ్లుగా తయారుచేసి నాలుగు మ్యూజియంలలో అరబీలో ఉచితంగా తిప్పి చూపించే ఏర్పాటు చేశారు. ఇస్లామిక్ కళలు, ప్రాచీన పశ్చిమాసియా, బైజాంటైన్ కళ, నాలుగోది జర్మన్ చరిత్ర మ్యూజియం. ఈ నాలుగోదాన్ని చేర్చడం చాలా తెలివైన పని. మతం పేరుతో యూరప్ ముప్పై ఏళ్లు కొట్టుకున్న 17వ శతాబ్దపు యుద్ధం, 1945లో శిథిలాల దిబ్బగా మిగిలిన బెర్లిన్ అక్కడ కనిపిస్తాయి. హోమ్స్ నుంచో అలెప్పో నుంచో వచ్చిన మనిషికి అది పరాయి చరిత్రలా అనిపించదు. కూలిన నగరం మళ్లీ లేస్తుందన్న మాట ఎవరూ ఉపన్యాసంగా చెప్పనక్కర్లేదు.

ఇక్కడ గమనించాల్సింది వరస తిరగబడిన విధానం. మామూలుగా శరణార్థికి జర్మనీ గురించి జర్మన్ చెబుతాడు. ఇక్కడ శరణార్థే మ్యూజియం తరఫున మాట్లాడతాడు. చూడడానికి వచ్చినవాళ్లు నిలదీసే ప్రశ్నలకూ అతనే జవాబు చెప్పాలి. ఈ వస్తువులు ఇక్కడికి ఎలా వచ్చాయి, కొన్నారా, ఎత్తుకొచ్చారా, తిరిగి ఇస్తారా అన్నవి తప్పకుండా వచ్చే ప్రశ్నలు. కానుక, కొనుగోలు, తవ్వకాల పంపకం, వలస పాలన కాలపు బలం అన్నీ కలగలిసిన చరిత్ర అది. వాటిని దాటేయకుండా మాట్లాడనివ్వడం వల్లే ఆ కార్యక్రమానికి గౌరవం వచ్చింది. తర్వాతి సంవత్సరాల్లో ఆక్స్‌ఫర్డ్, బెర్న్ మ్యూజియంలు ఇదే పద్ధతిని తమకు తగ్గట్టు మార్చుకుని తీసుకున్నాయి. మరమ్మతుల కోసం పెర్గమాన్ భవనం 2023 అక్టోబర్‌లో మూతపడింది. ఇస్లామిక్ కళల విభాగం కొత్త చోట తెరుచుకున్నాక ఈ గైడ్లలో ఎవరైనా ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో, పక్కన ఏం రాయాలో నిర్ణయించే స్థానంలో ఉంటారా అన్నది అసలు పరీక్ష. గైడ్‌గా పెట్టుకోవడం ఆహ్వానం. నిర్ణయాలు జరిగే బల్ల దగ్గర కుర్చీ ఇవ్వడం భాగస్వామ్యం.

గాలి ఎదురు తిరిగినప్పుడు

రోజులు బాగున్నప్పుడు సంభాషణ తేలికే. 2004లో ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శన అరబ్ ప్రపంచాన్ని గౌరవ అతిథిగా పిలిచింది. 2023 అక్టోబర్‌లో అదే ప్రదర్శనలో పాలస్తీనా రచయిత్రి అదానియా షిబ్లీకి లిబెరాటూర్‌ప్రైజ్ అనే సాహిత్య బహుమతి ఇవ్వాల్సి ఉంది. అక్టోబర్ 7న హమాస్ దాడి, దాని వెంట గాజాపై యుద్ధం మొదలయ్యాక, బహుమతి ఇచ్చే లిట్‌ప్రోమ్ సంస్థ ఆ సభను వాయిదా వేసింది. షార్జా బుక్ అథారిటీ, అరబ్ ప్రచురణకర్తల సంఘాలు ప్రదర్శన నుంచి తప్పుకున్నాయి. నోబెల్ గ్రహీతలు అబ్దుల్‌రజాక్ గుర్నా, ఓల్గా తొకార్చుక్‌తో సహా వందల మంది రచయితలు నిరసన లేఖ మీద సంతకాలు పెట్టారు.

జర్మనీకి యూదుల మారణహోమం వల్ల ఉన్న బాధ్యత నిజమైనది, ఆ వారం యూదు కుటుంబాల దుఃఖం నిజమైనది. కానీ ఒక నవలా రచయిత్రిని వేదిక మీదికి రానివ్వకపోతే ఆ దుఃఖం తగ్గదు. ఇరవై ఏళ్లలో పోగుచేసుకున్న నమ్మకం ఒక్క వారంలో ఎంత పలచబడిందో అరబ్ ప్రచురణకర్తలు వదిలి వెళ్లిన స్టాళ్లు చూపించాయి. వినిమయ సంస్థలు ఉండేదే ఇలాంటి వారాల కోసం. మామూలు రోజుల్లో మనుషులు ఎలాగూ వ్యాపారం కోసమో చదువు కోసమో కలుస్తూనే ఉంటారు.

వీసా దగ్గర ఆగిపోయే మాట

ఇజ్రాయెలీ, అరబ్ యువ సంగీతకారులను కలిపి సంగీత నిర్వాహకుడు డేనియల్ బారెన్‌బోయిమ్, పాలస్తీనా మూలాలున్న రచయిత ఎడ్వర్డ్ సయీద్ 1999లో జర్మనీలోని వైమార్‌లో ఆర్కెస్ట్రా పెట్టారు. తర్వాత స్పెయిన్‌లోని ఆండలూసియా ప్రభుత్వం దానికి సెవిల్‌లో చోటిచ్చింది. పాలస్తీనా హక్కుల కోసం పనిచేసే కొందరు దీన్ని ఆక్రమణకు సాంస్కృతిక ముసుగు అన్నారు, ఆ విమర్శను కొట్టిపారేయలేం. అయితే 2005 ఆగస్టులో ఈ ఆర్కెస్ట్రా రామల్లాలో కచేరీ చేయడానికి ముందు జరిగిన ఒక విషయం ఈ చర్చకు చాలా అవసరం. అందులోని సిరియన్, లెబనీస్, ఇజ్రాయెలీ కుర్రాళ్లు తమ తమ పాస్‌పోర్టులతో ఆ ఊరు చేరలేరు. ఆ కుర్రాళ్లకు స్పెయిన్ దౌత్య పాస్‌పోర్టులు ఇచ్చింది. అప్పుడు కచేరీ జరిగింది. సంగీతానికి సరిహద్దులు లేవని అంటూ ఉంటారు. వయొలిన్ పట్టుకున్న మనిషికి మాత్రం ఉన్నాయి.

యూరప్-అరబ్ వినిమయంలో అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఇదే. దీని గురించి సదస్సుల్లో తక్కువగా మాట్లాడతారు. మార్సేలో ఉన్న ఫ్రెంచ్ విద్యార్థి ట్యూనిస్ వెళ్లాలంటే టికెట్, పాస్‌పోర్టు ఉంటే చాలు. ట్యూనిస్ విద్యార్థి చుట్టపుచూపుగా మార్సే రావాలంటే ఆహ్వాన పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్, బీమా, వేలిముద్రలు, 2024 జూన్ నుంచి 90 యూరోల ఫీజు కావాలి. వీసా నిరాకరిస్తే ఆ ఫీజు తిరిగి రాదు. యూరప్‌లోని చాలా దేశాలకు చెల్లే ఈ షెంగెన్ వీసా కోసం అపాయింట్‌మెంట్ వెతుక్కున్న తెలుగు కుటుంబాలకు ఈ టెన్షన్ కొత్తేమీ కాదు. 2021 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ మొరాకో, అల్జీరియా పౌరులకు వీసాలు సగానికి, ట్యునీషియన్లకు 30 శాతం తగ్గిస్తామని ప్రకటించింది. ఫ్రాన్స్ వెనక్కి పంపాలనుకున్న వలసదారులను ఆ దేశాలు తీసుకోవడం లేదన్నది కారణం. ఆ గొడవతో ఏ సంబంధం లేని వైద్యులు, నాటకాల వాళ్లు, మనవల్ని చూడబోయే అమ్మమ్మలు దాని దెబ్బ తిన్నారు. 2022 చివరికి అది సర్దుకుంది, కానీ ఫ్రెంచ్ మాట్లాడుతూ పెరిగిన ఉత్తర ఆఫ్రికా మధ్యతరగతిలో ఆ అవమానం మిగిలిపోయింది. ఎన్ని చలనచిత్రోత్సవాలు పెట్టినా అలాంటి ఒక్క నిర్ణయం చేసిన గాయాన్ని మాన్పలేవు.

ఈ అడ్డంకిని దాటడానికే 1999లో రొబెర్తో చిమెత్తా నిధి మొదలైంది. మధ్యధరా రెండు ఒడ్ల కళాకారులకు అది ప్రయాణ ఖర్చులు ఇచ్చేది. 2018లో యూరోపియన్ కమిషన్ 18 నుంచి 30 ఏళ్ల యువత కోసం ఎరాస్మస్ ప్లస్ అనే విద్యా పథకం కింద ఆన్‌లైన్ వినిమయం పెట్టింది. శిక్షణ పొందిన సంధానకర్తలు నడిపే చిన్న బృందాల్లో వారాల పాటు చర్చలు జరిగేవి. పల్లెలో ఉన్నవాళ్లకు, ఇల్లు దాటి పంపని ఆడపిల్లలకు అది నిజంగా పనికొచ్చే దారి. అయితే స్క్రీన్ మీద పరిచయం వీసాకు ప్రత్యామ్నాయంగా మారిపోయే ప్రమాదం ఉంది. ఒక ఒడ్డు వాళ్లు విమానం ఎక్కుతూ, రెండో ఒడ్డు వాళ్లు లాగిన్ అవుతూ ఉంటే దాన్ని ఇచ్చిపుచ్చుకోవడం అనలేం.

దీన్ని సరిచేయడానికి కొత్త చట్టం కూడా అవసరం లేదు. చదువుకో శిక్షణకో వెళ్లే విద్యార్థులకు, పరిశోధకులకు, లాభాపేక్ష లేని సంస్థల తరఫున సాంస్కృతిక కార్యక్రమాలకు వెళ్లే 25 ఏళ్ల లోపు యువతకు ఫీజు మినహాయింపు ఇప్పటికే షెంగెన్ వీసా నియమావళిలో ఉంది. పాత వీసాలను సక్రమంగా వాడుకున్నవాళ్లకు ఏడాది, రెండేళ్లు, ఐదేళ్లు చెల్లే వీసాలు ఇవ్వాలనీ ఉంది. 2015లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ పౌరులకు వీసాయే ఎత్తేశారు. 2024 ఏప్రిల్‌లో సౌదీ, ఒమన్, బహ్రెయిన్ పౌరులకు ఐదేళ్ల వీసాలు, అదే నెలలో భారతీయులకు రెండు వీసాల తర్వాత రెండేళ్ల వీసా ఇచ్చే వెసులుబాటు వచ్చాయి. అంటే యూరప్ తలచుకుంటే తలుపు తెరుస్తుంది. ఇప్పటిదాకా చమురు, వ్యాపారం ఉన్న వైపు ముందు తెరిచింది. తన డబ్బుతో, తన పేరుతో నడిపే వినిమయ కార్యక్రమాలకు ఎంపికైన ట్యునీషియా సంగీతకారుడికీ ఈజిప్టు అనువాదకురాలికీ అదే ఐదేళ్ల వీసా ఇస్తే, మొదటి పరిచయం అయిన వాళ్ల దగ్గరకే మళ్లీ వెళ్లి, కలిసి ఒక పుస్తకమో నాటకమో పూర్తిచేసే వీలుంటుంది. మూసా అధ్యయనంలో నెలల తర్వాత కూడా కలిసి ప్రాక్టీసు చేసిన యువకులకు అలాంటి అవకాశమే దొరికింది. వాళ్ల మైదానం నడిచి వెళ్లేంత దూరంలో ఉంది.